గొర్ల దొడ్డి మీద నా ఫ్లెక్సీ

మా అమ్మగారింటికి పోతే అందరికంటే ముందు నాకు నేనే ఎదురొస్తాను. దేవరకొండ నుంచి బస్సులో వచ్చి, తారు రోడ్డు మీద దిగి, మట్టిదారిలో కొంచెం నడిస్తే మా గొర్ల దొడ్డి. సగం మీద రేకులు, సగం మీద తాటికమ్మలు. కమ్మల మీద వాన కారకుండా ఒక ఫ్లెక్సీ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంటుంది. ఆ ఫ్లెక్సీ మీద ఉన్నది నేనే. పట్టుచీర, నెత్తి మీద కిరీటం, భుజం మీద రామచిలుక, వెనక ఎక్కడిదో పెద్ద జలపాతం. మా ఊళ్లో బోరులోనే నీళ్లు రావు, నా వెనక మాత్రం జలపాతం దుంకుతుంటుంది. ఎండకు నా ముక్కూ, ఒక కన్నూ మాసిపోయాయి. చిలుక ఇంకా పచ్చగానే ఉంది.

నేను పెద్దమనిషినైనప్పుడు మా బాపు ఊరి మొదట్లో కట్టించిన ఫ్లెక్సీ అది. ఫంక్షన్ అయిపోయాక మంచి గట్టి గుడ్డ, పారేయడం ఎందుకని దొడ్డి మీద కప్పాడు. అప్పటి నుంచి నా మొహం దొడ్డి పైన ఉంది, నేను దొడ్డి బయట ఉన్నాను.

ఆ కథ ముందు చెప్పాలి. లేకపోతే మా మేనకోడలి సంగతి మీకు అర్థం కాదు.

మాది గొర్రెల మీద బతికే ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఏడో తరగతి. చదువు అంతంతమాత్రం. కానీ మా ఇంట్లో నాకు ఒక గొప్ప ఉండేది, నా చెయ్యి. తొలిచూలు గొర్రెకు పిల్ల అడ్డం తిరిగితే మగవాళ్ల చెయ్యి లోపలికి పట్టదు. బలవంతంగా పెడితే గొర్రె చచ్చిపోతుంది. అప్పుడు ఇంట్లో చిన్న చెయ్యి ఉన్న ఆడపిల్లను పిలుస్తారు. మోచేతి దాకా ఆముదం రాసుకుని, లోపల పిల్ల కాళ్లెక్కడున్నాయో తలెక్కడుందో తడిమి, సర్ది, మెల్లగా బయటికి తీయాలి. బాపు నన్ను బడి నుంచి కూడా పిలిపించుకునేవాడు. కిటికీ దగ్గర నిలబడి "సారూ, మా బిడ్డను జర తోలుండ్రి, గొర్రె కష్టపడుతాంది" అనేవాడు. పిల్లలందరూ నవ్వేవాళ్లు. నేను మాత్రం కలెక్టరు పిలిచినట్టు లేచి వెళ్లేదాన్ని.

బాపు నేర్పింది ఇంకొకటి ఉంది. పిల్ల పడ్డాక దాన్ని తుడవకూడదు, కడగకూడదు. తడితడిగా తల్లి మూతి దగ్గర పెట్టాలి. తల్లి నాకాలి. ఆ వాసన పట్టుకునే అది నా బిడ్డ అని తెలుసుకుంటుంది. వాసన పోతే తల్లి దగ్గరికి రానివ్వదు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు.

ఒకరోజు బొల్లి గొర్రెకు పిల్ల తీశాను. అది తుమ్మింది, చెవులు విదిలించింది, తల్లి నాకడం మొదలుపెట్టింది. నేను లేచి చేతులు కడుక్కోవడానికి తిరిగాను. మా అమ్మ నా వెనక వైపు చూసి ఆగిపోయింది.

"గా నెత్తురేందే?"

"గొర్రెది అమ్మా."

"గొర్రె నెత్తురు ఎనుకకెట్లొస్తది?"

లంగా తిప్పి చూసుకున్నాను. నాకు నిజంగా అది గొర్రె నెత్తురే అనిపించింది. గొర్రె ఈనే తీరు మొత్తం తెలిసిన పిల్లకు తన ఒంట్లోంచి నెత్తురు వస్తుందని ఎవరూ చెప్పలేదు. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు మేడం "ఇది ఇంటికాడ చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒకేసారి తిప్పేసింది. ఇంటి దగ్గరేమో "బళ్ల చెప్పరా ఏంది?" అనుకుని ఊరుకున్నారు. అమ్మ నా చెంప మీద ఒకటి కొట్టింది. ఎందుకు కొట్టిందో ఆమెకూ తెలియదనుకుంటా. నా చెయ్యి పట్టి గుంజుకుంటూ దొడ్డి దాటించింది.

"ఏమైందమ్మా? నేనేం చేసిన?"

"ఊకో. ఎవ్వలకు చెప్పకు."

నేను ఎవరికీ చెప్పలేదు. పొద్దుగూకేలోపు ఊరంతా వచ్చి చూసిపోయారు. మూలకు చాప వేసి, అడ్డంగా రోకలి పెట్టి, నువ్వుల ముద్దలు తినిపిస్తూ, "పెద్దగయింది పోరి" అని నన్ను కింది నుంచి పైదాకా చూశారు. ఆ తర్వాత మేకపోతును కోశారు, డీజే పెట్టారు, ఫ్లెక్సీ కట్టారు. బస్సులో పోయేవాళ్లకు కూడా తెలిసింది నాకేమైందో. నాకే ఎవరూ చెప్పలేదు. నేను చచ్చిపోతానని, చచ్చిపోయేవాళ్లకే ఇంత బాగా పెట్టి పంపుతారని రెండు రోజులు అనుకున్నాను.

అదే నెలలో బాపు అంగట్లో కొత్త గొర్రెలు కొనుక్కొచ్చాడు. వాటితోపాటు పారుడు రోగం వచ్చింది. ముక్కులు కారడం, పారుకోవడం, పడిపోవడం. ఊళ్లో అందరి మందల్లోనూ చచ్చాయి. మా పక్క దొడ్డివాళ్లకు అసలు ఆడపిల్లలే లేరు, వాళ్లవీ చచ్చాయి. కానీ వాళ్లవి రోగంతో చచ్చాయి, మావి నా వల్ల చచ్చాయి. నేను మైలతో దొడ్డిలోకి పోయి గొర్రెను ముట్టాను కదా! పశువుల డాక్టరు వచ్చి, అంగట్లో కొన్నవాటిని కొన్నాళ్లు విడిగా కట్టేయాలి, టీకాలు వేయించాలి అని చెప్పాడు. బాపు తల ఊపాడు. డాక్టరు బండి మలుపు తిరగ్గానే అమ్మ అంది, "గాయనకేం ఎరుక మన ఇంటి సంగతి."

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ తర్వాత మిగిలినవాటిలో ఒక గొర్రెకు పిల్ల అడ్డం తిరిగితే పక్కింటి చిన్నపిల్లను పిలుచుకొచ్చాడు. "బిడ్డా, ఆముదం గిన్నె ఇయ్యి" అని నాతో అన్నాడు. నేను గిన్నె తెచ్చి దొడ్డి చుట్టూ ఉన్న ముళ్లకంప అవతల పెట్టి, ఇవతలే నిలబడ్డాను. ఆ పిల్ల లోపల తడుముతూ "దొరుకుతలేదు తాతా" అని ఏడుస్తుంటే, నా వేళ్లు ఊరికే కదులుతున్నాయి.

ఇప్పుడు బాపు లేడు. మంద మా అన్న చూసుకుంటున్నాడు. నాకు పెళ్లయి దేవరకొండలో కిరాయి ఇంట్లో ఉంటున్నా. మా ఆయన ఆటో తోలుతాడు, నేను జాకెట్లు కుడతాను, నోరు ఆడుతూనే ఉంటుంది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి పోకుండా అక్కడే కూర్చుంటారు.

మా అన్న బిడ్డకు నా చెయ్యే వచ్చింది. సన్నటి మణికట్టు, పొడుగు వేళ్లు. ఆరో తరగతికి వచ్చేసరికి ఊళ్లో ఎవరి దొడ్డిలో కష్టమొచ్చినా దాన్నే పిలిచేవాళ్లు. దాని నడక చూస్తే బాపు వెనక నడిచే నేనే గుర్తొచ్చేదాన్ని. ఒళ్లు సాగుతోంది, మొహం మీద మొటిమలు వస్తున్నాయి. నాకు ఒకటే పట్టుకుంది. ఈ పిల్ల నాలాగా దొడ్డి బయట పడకూడదు. తన నెత్తురు చూసి గొర్రెది అనుకోకూడదు.

మా వదినకు చెప్పి చూశాను. బియ్యం చెరుగుతోంది.

"వదినా, పిల్లకు ముందే చెప్పాలె. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

చాట ఆపింది. "నీ కాళ్లు మొక్కుత, ఆ ముచ్చట ఎత్తకు. చెప్పినమంటే రేపే అయితది."

"చెప్తే అయితదా? మరి నాకెవలు చెప్పిండ్రని అయింది?"

"నీ సంగతి వేరే. నీకు అన్నీ తొందరే."

మా అమ్మ గడపలోంచి అందుకుంది. "చిన్నపోరికి గలీజు మాటలు నేర్పకు. నీ కడుపుల ఏ మాటా ఆగది."

ఆగదు. నిజమే. ఆ మధ్యాహ్నమే చెప్పేశాను. దొడ్డి వెనక రాతి గుండు నీడలో మేనకోడలు తల్లిలేని గొర్రెపిల్లకు సీసాతో పాలు తాపుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, నీకొక ముచ్చట చెప్పాలె."

దాని కళ్లు మెరిశాయి. "ఎవలు లేచిపోయిండ్రు అత్తా?"

"ఎవలు లేచిపోలే. నీ ముచ్చటనే."

"నేను ఎక్కడికి పోలే."

"నోర్ముయ్, ఇను. ఆడపిల్ల పెద్దగయితుంటే నెలకోసారి ఒంట్లకెళ్లి నెత్తురు పోతది. నీకూ వస్తది."

గొర్రెపిల్ల గుటగుట తాగుతోంది. దాని మూతి తుడుస్తూ అంది, "మమ్మీ ఎడంగ సాప మీద పండుకుంటది, గదేనా? కాకి ముట్టిందని చెప్తది."

"గదే."

"ఇంట్ల ఉంటే కాకెట్ల ముడతది అని నేను మస్తుసార్లు ఆలోచన చేసిన."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తెలిసినంత చెప్పాను. కడుపులో బిడ్డ సంచి ఉంటుందని, నెలనెలా బిడ్డ కోసం తయారైన మెత్త అవసరం లేక బయటికి పోతుందని. గొర్రె కడుపులో సంచి ఎక్కడ ఉంటుందో దానికి చేత్తో తెలుసు కనుక చెప్పడం తేలికైంది. అది వరసగా అడిగింది.

"నొస్తదా?"

"జర. కొందరికి ఎక్కువ నొస్తది."

"సస్తరా?"

"సావరు. నేను సచ్చిన్నా?"

"గొర్లకు అయితదా?"

"గిట్ల కాదు."

"మరి గప్పుడు మనం ముడితే గొర్లు ఎందుకు సస్తయి?"

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అవ్వ. నువ్వు ముడితే మంద మొత్తం సచ్చిందంట గదా."

ఇంత కాలం ఆ ఇంట్లో ఆ సంగతి గురించి పిల్లకు చెప్పిన మాట ఇదొక్కటే. మీ అత్త మందను చంపింది. ఆ రోజు జరిగిందంతా చెప్పాను, అంగడి గొర్రెలు, రోగం, పక్క దొడ్డి, డాక్టరు, అన్నీ. అది సీసా పైకెత్తి పాలెన్ని మిగిలాయో చూసి, "ఓ, గంతేనా" అంది. ఆ రెండు మాటలు విని నా గుండెల మీంచి బండ దించినట్టయింది. దేవరకొండ నుంచి తెచ్చిన ప్యాడ్ల ప్యాకెట్ ఇచ్చాను. మెడికల్ షాపాయన దాన్ని బాంబు చుట్టినట్టు పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టిచ్చాడు. ఎట్లా పెట్టుకోవాలో చూపించాను.

"సిగ్గుపడేది ఏం లేదు బిడ్డా. వచ్చిన్నాడు దాచకు, గట్టిగ చెప్పు" అన్నాను.

అది నా మాట అట్లాగే పట్టుకుంది. కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచి విసిరేసి, వాకిట్లో గొంగళి మీద కూర్చుని నలుగురు మగవాళ్లతో మాట్లాడుతున్న తండ్రికి చెప్పింది: "డాడీ, నాకు పీరియడ్స్ వచ్చినయి." మా అన్న టవల్ భుజాన వేసుకుని పొలం దారి పట్టాడట. కూర్చున్నవాళ్లలో ఒకాయనకు బీడీ పొగ గొంతులో అడ్డం పడిందట. మా వదిన ఫోన్ చేసి, "నీ పుణ్యమా అని మా ఇజ్జత్ పోయింది. మేనత్తవి, వచ్చి నీళ్లు పొయ్యి" అని పెట్టేసింది.

నేను నవ్వుకుంటూ బస్సెక్కాను. మా ఆచారం ప్రకారం మొదటి నీళ్లు మేనత్తే పోయాలి. అప్పుడు నాకూ నెల వచ్చి ఉంది. అది చెప్తే నీళ్లు పోయనివ్వరు. ఊరికే ఉన్నాను. పిల్ల దగ్గర నేనుంటే చాలనుకున్నాను.

దాన్ని పక్క గదిలో మూలకు కూర్చోబెట్టారు, అడ్డంగా అదే రోకలి. ఆ గదికీ దొడ్డికీ మధ్య ఒకటే గోడ, పైన గాలి కోసం ఒక చిన్న కిటికీ. నేను నీళ్లు పోసి, తల తుడిచి, పక్కన కూర్చున్నాను. "అత్తా, కడుపుల నొస్తుంది కని భయమైతలేదు" అంది. నాకింకేం కావాలి?

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే దొడ్డిలోంచి గొర్రె మూలుగు. తొలిచూలుది. మా అన్న చూసివచ్చి తల పట్టుకున్నాడు. "కాళ్లు అవుపిస్తున్నయి, తల లేదు. నా చెయ్యి పోతలేదు."

గోడ అవతల మేనకోడలు లేచింది. "డాడీ, నేను తీస్త!"

"కూసో!" మా అమ్మ అరిచింది. "మైలల ఉన్నవు. రోకలి దాటితే కాళ్లు ఇరుగకొడుత."

"అవ్వా, గొర్రె సస్తది!"

"సస్తే సావనీ. మందంతా పోయేకంటే ఒక్కటి పోనీ."

నేను అమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. నేను చేతులకు ఆముదం రాసుకోవడం మొదలుపెట్టాను. అప్పుడు చూసింది.

"నువ్వు మంచిగనే ఉన్నవు గదా?"

ఇంట్లో ఆడవాళ్లు ఒకరినొకరు అడిగే మాట అది. దానికి ఒకటే అర్థం.

"మంచిగనే ఉన్న" అన్నాను.

బాపు నన్ను కంప బయట నిలబెట్టిన తర్వాత మళ్లీ ఆ దొడ్డిలో అడుగుపెట్టడం అదే. ఎరువు వాసన, ఉన్ని వాసన. నా చెయ్యి ఇప్పుడు పిల్ల చెయ్యి కాదు, కష్టంగా పోయింది. లోపల కాళ్లు తగిలాయి, తల ఎటుపోయిందో తెలియలేదు. వేళ్లకు అలవాటు పోయింది.

"దొరుకుతలేదే" అన్నాను.

కిటికీలోంచి గొంతు వచ్చింది. "కాళ్లు గుంజకు అత్తా! ముందు పిల్లను లోపలికి నూకు. జాగా అయితది. అటెన్క మెడ పట్టుకొని పో."

"నూకిన."

"మెడ ఎటు మర్రింది?"

"ఎడమకు."

"మూతి దొరికిందా? దవడ కింద వేలు పెట్టు. గొర్రె ముక్కినప్పుడు ఆగు. ఆగినప్పుడు తిప్పు."

దాని మాట ప్రకారం చేశాను. ఒక్కసారి తల మెత్తగా తిరిగి నా అరచేతిలోకి వచ్చింది. ఆ తర్వాత పిల్ల జారుకుంటూ వచ్చేసింది. ముక్కులో గడ్డిపోచ పెడితే తుమ్మింది. మా అన్న గట్టిగా నవ్వాడు. "మా చెల్లె చెయ్యి ఇంకా పోలే!"

"ఆడదా, మగదా?" గోడ అవతలి నుంచి.

"ఆడదే బిడ్డా!"

తల్లి మెడ తిప్పి పిల్లను వాసన చూసింది. మా అమ్మ కూడా నవ్వుతోంది. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి నా నెత్తి మీద ఉండగానే నాకు అనిపించింది, ఇదే సమయం, ఇప్పుడు కళ్లతో చూశారు, ఇప్పుడైనా అర్థమవుతుందని. నాకు కడుపులో మాట ఆగదు కదా.

"అమ్మా, నేను గూడ ముట్టులనే ఉన్న. సూడు, బతికింది. ఏం గాలే."

ఆమె చెయ్యి తీసేసింది. తీసి, కొంగుకు తుడుచుకుంది. వదిన చేతిలో చెంబు కిందపెట్టింది. మా అన్న మొహం, ఎవరో కొట్టబోతున్న ఏడేళ్ల పిల్లవాడి మొహంలా అయింది. ఎవరూ నన్ను తిట్టలేదు. వదిన లోపలికి పోయి పసుపునీళ్లు తెచ్చింది. అమ్మ గొర్రెపిల్లను తల్లి మూతి ముందు నుంచి తీసుకుంది.

"అన్నా, కడగొద్దని చెప్పు" అన్నాను. అతను నేల చూశాడు.

కిటికీలోంచి పిల్ల అరుస్తోంది. "కడగకుండ్రి! డాడీ, తల్లి పట్టది! నువ్వే చెప్పినవు గదా డాడీ!"

కడిగారు. రెండు చెంబుల పసుపునీళ్లతో, చెవుల మడతలతో సహా. పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య బతికినవాళ్లు, తడి పిల్లను తుడవకూడదని నాకు నేర్పినవాళ్లు, దాన్ని గిన్నె తోమినట్టు తోమారు. వణుకుతున్న ఆ పసుపు పిల్లను మళ్లీ తల్లి ముందు పెట్టారు. తల్లి వాసన చూసింది. తల దించి ఒక్క కుమ్ము కుమ్మింది. మళ్లీ పెట్టారు, మళ్లీ కుమ్మింది.

"సూసినవా?" మా అమ్మ నాతో అంది. "నోరులేని జీవాలకు గూడ తెలుస్తది మైల."

నేను ఆముదం చేతులు గడ్డికి తుడుచుకున్నాను. గోడ అవతల అరుపు ఆగిపోయింది.

ఆ గొర్రెపిల్లకు సీసా పట్టడం ఇంట్లో ఒక్కరికే బాగా వచ్చు. ఆ ఒక్కరూ రోకలి అవతల ఉన్నారు. వదిన పట్టింది, పాలు ముక్కులోకి పోయాయి. మేనకోడలి ఫంక్షన్ కాకముందే గొర్రెపిల్ల చచ్చింది. అది కూడా నా ఖాతాలోనే. నన్ను ఫంక్షన్‌కు పిలిచారు, పిలవకపోతే నలుగురు అడుగుతారని. పందిట్లో నీళ్లు మాత్రం మా వదిన వైపు ఆవిడెవరో పోసింది. నేను వరసలో కూర్చుని బగారన్నం తిన్నాను. పందిరి ముందు మేనకోడలి ఫ్లెక్సీ, కిరీటం, చిలుక బదులు రెండు నెమళ్లు. దండ వేసుకుని కూర్చున్న పిల్ల దగ్గరికి పోతే, ఫొటో తీసే ఆయన "అత్తమ్మా జర నవ్వుండ్రి" అన్నాడు. ఇద్దరం నవ్వాం.

మొన్న వానలకు వెళ్లాను. దొడ్డి మీద నా ఫ్లెక్సీ పక్కన దానిది కూడా కప్పి ఉంది, కొత్తది కదా, రంగులు మెరుస్తున్నాయి. కానీ దొడ్డి లోపల పిల్ల ఉంది. మోచేతి దాకా ఆముదం, మోకాళ్ల మీద కూర్చుని, గొర్రె పక్కటెముకల మీద చెంప ఆనించి. మా అన్నకు ఆ చెయ్యి లేకపోతే గడవదు. నెలలో ఆ రోజులు మాత్రం రావద్దని చెప్పి, మిగతా రోజులు రానిస్తున్నాడు. నాకు దక్కనిది దానికి దక్కిందని ఒక్క నిమిషం సంతోషపడ్డాను.

అది లేచేటప్పుడు నడుం పట్టుకుంది. పెదవి కొరుక్కుంది. మొహం పాలిపోయి ఉంది. నేను ఆడదాన్నే, నాకు తెలియదా! కంప దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను.

"బిడ్డా, వచ్చిందా?"

అది ముందు మా అమ్మ ఎక్కడుందో చూసింది. అమ్మ వాకిట్లో తమలపాకులు నములుతోంది. పిల్ల నా వైపు తిరిగింది. కాకి ఎట్లా ముడుతుందని అడిగిన కళ్లు కావు అవి.

"ఏ, లేదత్తా. మంచిగనే ఉన్న."

"నాకు చెప్పు. కడుపుల నొస్తే గోలి ఇస్త, సంచిలనే ఉంది."

"నీకు చెప్తే నువ్వు చెప్తవు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆముదం గిన్నె కోసం చెయ్యి చాపింది. నేను గిన్నె అందించాను. తీసుకుని గొర్రె దగ్గరికి వెళ్లిపోయింది.

ఒక గొర్రె కోసం నేను ఒక్కసారి ఆడిన అబద్ధాన్ని అది నెలనెలా ఆడుతుంది, ఆ దొడ్డిలో ఉండాలంటే. గోలి నా సంచిలోనే ఉండిపోయింది. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ ఏ ఊరమ్మా మీది అని అడిగింది. ఊరి పేరు చెప్పాను, దేవరకొండ దాకా ఇంకేం మాట్లాడలేదు.